నేత్ర కుడిచెయ్యి

నేత్ర పుట్టగానే గట్టిగా ఏడ్చింది. అందుకే మొదటిరోజు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆ పాప తల్లి పేరు వినుత. పుట్టిల్లు కర్ణాటకలో గుడిబండె తాలూకాలోని సోమేనహళ్ళి. పీయూసీ చదివాక బాగేపల్లి పక్కనున్న ఒక పల్లెకు, ధనుంజయకిచ్చి పెళ్ళి చేశారు. ధనుంజయది టమాటా సేద్యం. తన పంటతోపాటు చుట్టుపక్కల రైతుల బాక్సులు కూడా చిన్న గూడ్సు బండిలో ఎక్కించుకుని చింతామణి మార్కెట్‌కు తీసుకెళ్తాడు. మాటలు తక్కువ మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ అతని తల్లి లక్ష్మీదేవమ్మవి. ఆమె ఆగినప్పుడు టీవీవి.

నాకు వినుత పరిచయమైంది చిక్కబళ్ళాపురంలో, ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద. మా అమ్మ మోకాళ్ళ కోసం వారానికోసారి అక్కడికి వెళ్ళేవాళ్ళం. వినుత కూతురిని తెచ్చేది. ఇక్కడ రాస్తున్నది కొంత ఆమె ఆ బెంచీ మీద చెప్పింది, కొంత తర్వాత నేను కళ్ళతో చూసింది.

కాన్పు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో జరిగింది. దాని పేరు వినుత ఎక్కడా చెప్పదు, నేనూ చెప్పను. నెలలు నిండేవేళకు ఆమెకు షుగరు ఉన్నట్టు తేలింది. అలాంటి తల్లుల కడుపులో బిడ్డ బరువు ఎక్కువగా పెరుగుతుంది. నేత్ర అలాగే పెద్దపిల్ల. తల బయటికొచ్చింది, భుజం తల్లి ఎముక వెనక ఇరుక్కుపోయింది. అట్లా ఇరుక్కుంటే బిడ్డకు ఊపిరి అందదు, ఆలోచించుకునే వ్యవధి ఉండదు. డాక్టరమ్మ లాగింది. ప్రేమ అనే నర్సు వినుత పొత్తికడుపు మీద బలంగా నొక్కింది. బిడ్డ బయటపడి ఏడ్చింది. ఆ ఏడుపు విని బయట నిలబడ్డ ధనుంజయ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడట.

మర్నాడు పక్క మంచం దగ్గర ఎవరో స్టీలు గిన్నె జారవిడిచారు. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడింది. ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. కుడిచెయ్యి లేవలేదు. అరచెయ్యి వెనక్కి తిరిగి, ఒంటికి అంటుకుని అలాగే పడి ఉంది.

"అత్తా, ఈ చెయ్యి ఎత్తేదే లేదు చూడు," అంది వినుత.

"పుట్టి నిండా ఒక దినం గూడా కాలేదు. అన్నీ ఎత్తుతాది. నువ్వు పండుకో," అంది లక్ష్మీదేవమ్మ.

వినుత పడుకోలేదు. నర్సు ప్రేమ వచ్చినప్పుడు చూపించింది. ప్రేమ ఆ చేతిని కాసేపు చూసి, మళ్ళీ గుడ్డ కప్పి, "డాక్టరమ్మకు చెప్తాను," అని వెళ్ళిపోయింది. డాక్టరమ్మ వచ్చి, మెడ దగ్గర నరం కొద్దిగా సాగిందనీ, తనంతట తానే వస్తుందనీ, భయపడవద్దనీ చెప్పింది. అందులో అబద్ధం లేదు. చాలామంది పిల్లలకు అలాగే వస్తుంది. రాకపోతే ఏం చేయాలో, ఎన్నాళ్ళు చూడాలో, ఎవరికి చూపించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు అడగనూ లేదు. తానే వస్తుందన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చారు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కొక్క మాట. గ్రహణం నాడు వినుత బయట తిరిగి ఉంటుందని ఒకరన్నారు. బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చే ముసలామె, నూనె పట్టించి లాగితే పట్టు వదులుతుందని ఆ చేతిని రోజూ లాగేది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వినుత గదిలోకి వెళ్ళి చెవులు మూసుకునేది. లాగినా లాభం లేకపోయేసరికి లక్ష్మీదేవమ్మ మనవరాలిని పిళ్ళప్ప దగ్గరికి తీసుకెళ్ళింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో ఆయనకు పేరుంది. ఆయన నమ్మకంగానే వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఆ కట్టు మారుస్తూ మారుస్తూ వేసవి గడిచింది. విప్పేసరికి చేయి ఇంకా బిగుసుకుంది, చర్మం కందిపోయి ఉంది.

టీకాలకు వెళ్ళినప్పుడు ఆశా కార్యకర్త చూసి, బాగేపల్లిలో పిల్లల కోసం శిబిరం పెడుతున్నారనీ, తప్పకుండా రావాలనీ చెప్పింది. అక్కడే, చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు రూప ఆ పాపను మొదటిసారి చూసింది.

"ఎన్ని నెలలమ్మా?"

"తొమ్మిదో నెల నడుస్తాండాది."

రూప పాప మోచేతిని మెల్లగా వంచి, చాచి, మళ్ళీ వంచింది. అది చూసి వినుతకు భయమేసింది.

"ఆలస్యమైందా మేడం?"

"ముందు బెంగళూరు పోయి నరాల డాక్టరుకు చూపీండి. నేను రాసిస్తాను. రేపే పోండి."

బెంగళూరు డాక్టరు ఓపికగా చెప్పాడు. మెడలోంచి చేతికి వెళ్ళే నరాలు తెగేంతగా సాగాయి. మూడు నెలలకు కూడా మోచెయ్యి వంగకపోతే వెంటనే తీసుకురావలసింది. నరాల ఆపరేషన్‌కు ఫలితం ఎక్కువగా ఉండేది ఆ తర్వాత కొద్ది నెలల్లోనే. ఇప్పుడైనా చేద్దాం, కొంత వస్తుంది, ఎంత అని చెప్పలేను.

ఆయన ఇంకా ఏమేమో చెప్పాడు గానీ వినుత చెవుల్లో మూడు నెలలన్న మాట ఒక్కటే నిలిచింది. ఆ మూడో నెలలో పాప చేతికి బద్దల కట్టు ఉంది.

ఆపరేషన్ అయింది. మోచెయ్యి వంగడం వచ్చింది. భుజం పైకి లేవడం రాలేదు. ఆస్పత్రి వరండాలో అలాంటి పిల్లలతోనే కూర్చున్న తల్లులు ఇంకొందరు కనిపించారు. నాగరగెరె నుంచి వచ్చినావిడ కొడుక్కి రెండేళ్ళు. ఇంకొకామె హిందూపురం వైపు నుంచి వచ్చింది. వినుత అడిగితే అందరిదీ ఒకటే మాట, తానే వస్తుందన్నారు, చూస్తూ కూర్చున్నాం. వాళ్ళలో కొత్తగా వచ్చిన ఒక పిల్లకు మూడో నెల కూడా నిండలేదు. వినుత ఆ పిల్ల తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏమేం అడగాలో, ఎప్పుడెప్పుడు రావాలో, చేతిని ఎలా పట్టుకోకూడదో అంతా చెప్పింది. మందులు తెచ్చి అక్కడే నిలబడ్డ ధనుంజయ ఆ మాటలన్నీ విన్నాడు.

తర్వాత ఏళ్ళకేళ్ళు వినుత జీవితం బస్సులోనే గడిచింది. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి. పాప కిటికీ పక్కన కూర్చుని ఎడమచేత్తో కరెంటు కంబాలు లెక్కపెట్టేది. రూప నేర్పిన వ్యాయామాలు వినుత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయించేది. లక్ష్మీదేవమ్మకు అవి గిట్టేవి కావు.

"పిల్లను ఎందుకమ్మా హింస పెడతావు? నూనె రాసి వెచ్చంగా కప్పితే చాలదా?" అనేది.

రూప ఇంటికొచ్చి చెప్పినా ఆమె వినలేదు. ఒకసారి టీవీలో ఎవరో డాక్టరు మోకాళ్ళ నొప్పులకు ఫలానా విధంగా నడవాలని చెప్పాడు. మర్నాటి నుంచి లక్ష్మీదేవమ్మ ఊరి చివరి దాకా నడిచి రావడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే, "టీవీలో చెప్పినారు," అనేది.

అది చూసి ధనుంజయ ఒక సాయంత్రం భార్యతో అన్నాడు.

"రూప మేడం ఇన్నిసార్లు చెప్పినా మాయమ్మ వినలేదు. టీవీలో చెప్తే వినింది. ఆ ఆస్పత్రిలో నువ్వు ఆ అమ్మకు చెప్పినావే, అది టీవీలో చెప్పల్ల."

"నాకు యాడ వస్తాది టీవీలో మాట్లాడేది?"

"ఆయమ్మకు చెప్పినట్లనే చెప్పు. నేను గూడా పక్కన ఉంటా."

చింతామణిలో టమాటా మండీ నడిపే శ్రీనివాసప్పకు బెంగళూరు వార్తా ఛానెల్‌లో తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆయన ఫోను చేస్తే, కొన్నాళ్ళకు కెమెరాతో మనుషులు వచ్చారు. నేత్ర అప్పటికి ఒకటో తరగతి. వచ్చిన విలేఖరి మర్యాదస్తురాలే. మొదట వినుత మాటలన్నీ తీసుకుంది. వినుత చాలాసేపు కన్నడంలో మాట్లాడింది. మూడు నెలల సంగతి చెప్పింది. కట్టు కట్టవద్దని, లాగవద్దని చెప్పింది. "యారిగూ శిక్షె ఆగబేకు అంత నాను కేళ్తిల్ల" అని కూడా చెప్పింది, ఎవరికీ శిక్ష పడాలని నేను అడగడం లేదని. తర్వాత ఆ విలేఖరి నేత్ర కుడిచేతికి నీళ్ళ చెంబు ఇచ్చి పైకి ఎత్తమంది. నేత్ర ఎత్తలేకపోయింది, నీళ్ళు ఒలికాయి. మళ్ళీ నింపి మళ్ళీ ఎత్తమన్నారు. గౌను తడిసింది. ధనుంజయ లేచి చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు వినుతకు కళ్ళనీళ్ళు వచ్చాయి. కెమెరా ఆమె వైపు తిరిగింది.

ప్రసారం నాడు ఊళ్ళో సగంమంది వాళ్ళింట్లోనే ఉన్నారు. చెంబు జారడం మూడు నాలుగుసార్లు చూపించారు, చేతి చుట్టూ ఎర్ర గీత గీసి. వెనక నుంచి ఉరుములాంటి సంగీతం. పసిబిడ్డ చెయ్యి విరిచిన ఆస్పత్రి అని కింద అక్షరాలు పరుగెత్తాయి. వినుత ఏడుపు ఉంది. ఆమె చెప్పిన మాటల్లో ఒక్కటీ లేదు. మూడు నెలల మాట లేదు. శిక్ష మాట అసలే లేదు.

మర్నాడు ఏదో సంఘం పేరుతో కొందరు వెళ్ళి ఆ నర్సింగ్ హోమ్ అద్దాలు పగలగొట్టారు. డాక్టరమ్మ కొన్నాళ్ళు ఊళ్ళో లేదు. నర్సు ప్రేమను ఉద్యోగంలోంచి తీసేశారు. బడిలో పిల్లలు నేత్ర ఎదురుగా ఒక చేయి వేలాడేసుకుని నడవడం మొదలుపెట్టారు. ఇంటికొచ్చి నేత్ర పుస్తకాల సంచి కూడా దించకుండా అంది.

"నన్ను ఇంగ టీవీలో చూపీవద్దమ్మా."

"చూపీను," అంది వినుత. ఆ మాట ఇప్పటికీ తప్పలేదు.

అప్పుడు వినుత బాగా కుంగిపోయిందని ధనుంజయ నాతో చెప్పాడు. పొలానికి వచ్చేది కాదు, టీవీ పెట్టనిచ్చేది కాదు. లక్ష్మీదేవమ్మ కూడా దాని జోలికి పోలేదు. కొన్ని వారాలయ్యాక వినుత చీర మార్చుకుని, చింతామణి వెళ్ళొస్తానని బయల్దేరింది. ప్రేమ ఇల్లు కనుక్కుని వెళ్ళింది.

తలుపు తీసి ఎవరో గుర్తుపట్టగానే ప్రేమ ముఖం గట్టిపడింది. లోపలికి రమ్మనలేదు. ఇద్దరూ వాకిట్లోనే నిలబడ్డారు.

"ఇంగ ఏం మిగిలిందని వచ్చినావు?"

"నేను అట్ల చెప్పలేదక్కా. వాళ్ళు కోసేసినారు."

"ఏమైనా కానీ, నా పని పోయింది గదా." ప్రేమే మళ్ళీ అంది. "ఆ పొద్దు లాగకుంటే నీ బిడ్డ బతికేదే లేదు. అది నీకెవురన్నా చెప్పినారా?"

"రూప మేడం చెప్పింది. అందుకే వచ్చినా. నా బిడ్డను బతికించినావని చెప్పేకి వచ్చినా. ఇంగొకటి అడిగేకి గూడా."

"ఏంది?"

"మర్నాడు చెయ్యి చూసినావే, అప్పుడే నీకు తెలిసిందా?"

ప్రేమ వీధి వైపు చూసింది. "తెలిసింది. మూడు నెలలు చూసి బెంగళూరు పోండని చెప్పల్లనుకున్నా. చెప్తే మీవాళ్ళు గలాటా చేస్తారని డాక్టరమ్మ భయపడింది. నేనూ భయపడితిని."

"గలాటా అయ్యేది ఎట్లన్నా అయింది," అంది వినుత.

వినుత గేటు దాటేటప్పుడు ప్రేమ, "పాపకు ఇప్పుడెట్లుంది?" అని అడిగింది. మోచెయ్యి వంగుతుందని, భుజం ఎత్తలేదని వినుత చెప్పింది. ప్రేమ తలూపి తలుపు వేసుకుంది.

బస్సులో వస్తూ వినుత ఒకటే ఆలోచించిందట. భయపడింది డాక్టరమ్మ ఒక్కతే కాదు, ప్రేమ ఒక్కతే కాదు. చెప్పడానికి వాళ్ళకు భయం, అడగడానికి తమకు భయం. ఆ భయం వల్లే నెలలు పోయాయి. ఆ ఛానెల్ ఆ భయాన్ని ఇంకా పెంచింది. ఇకమీదట ఏ నర్సూ ఏ తల్లికీ ఏమీ చెప్పదు. తాను మొదలుపెట్టిన పని తిరగబడి ఇలా అయితే, దాన్ని ఇలా వదిలేసి కూర్చోవడం తప్పు.

చింతామణిలో కేబుల్ ఛానెల్ ఒకటి ఉంది. మార్కెట్ ధరలు, గుళ్ళో ఉత్సవాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, సాయంత్రం వార్తలు. దాన్ని నడిపేది నందీశ్ అనే కుర్రాడు, బెంగళూరులో చదివి తిరిగొచ్చినవాడు. వినుత అతని దగ్గరికి వెళ్ళి నేరుగా అడిగింది.

"అన్నా, నాకు అర్ధగంట కావల్ల. నేరుగా పొయ్యేటట్ల ఉండల్ల. మధ్యలో ఎవురూ కొయ్యకూడదు. ఆ డుంయ్ డుంయ్ పాట వద్దు. నా బిడ్డను చూపీను. ఎవురి మీదా తప్పు చెప్పను, ఆస్పత్రి పేరు గూడా చెప్పను."

నందీశ్ నవ్వాడు. "ఇన్ని వద్దంటే జనం ఏం చూస్తారక్కా?"

"బిడ్డ చెయ్యి ఎత్తకుంటే ఏం చెయ్యల్లో చూస్తారు."

"కన్నడంలో చెప్తావా, తెలుగులోనా?"

"టీకాలకు వచ్చే అమ్మలు ఏ మాట మాట్లాడతారో అదే."

నందీశ్ ఒప్పుకున్నాడు. మేడ మీద చిన్న గది, వెనక నీలం గుడ్డ, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. రూప వస్తానంది. పసిపిల్లను పట్టుకోవడం ఎలాగో చూపించడానికి బొమ్మ కావాలంటే, లక్ష్మీదేవమ్మ పాత చీర చించి దూది కూరి కుట్టింది. ఎందుకోసమో ఆమెకు తెలుసు, అయినా కుట్టింది. ఆ సాయంత్రం తనూ వస్తానని బండెక్కింది. నేనూ మా అమ్మా కూడా వెళ్ళాం. గదిలో చోటు లేక మెట్ల దగ్గర నిలబడి తలుపులోంచి చూశాం.

వినుత కెమెరాను చూసి భర్త వైపు తిరిగింది. పక్కన కూర్చున్న ధనుంజయే ముందు మాట్లాడాడు. "మాది బాగేపల్లి తట్టు. మా పాపకు పుట్టేటప్పుడు చేతి నరం సాగింది. మాకు ఎవురూ చెప్పలేదు, మేమూ ఎవుర్నీ అడగలేదు. మీరు అడగండి. అంతే." అంత మాట్లాడడం అతని జీవితంలో అదే ఎక్కువేమో. తర్వాత వినుత అందుకుంది. మర్నాడు గిన్నె చప్పుడైనప్పటి నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చింది. తెలుగులో మొదలుపెట్టిన మాట కన్నడంలోకి వెళ్ళేది, మళ్ళీ తెలుగులోకి వచ్చేది. రూప గుడ్డ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని చూపించింది. చెయ్యి కింద ఇట్లా ఆసరా ఇవ్వండి, చంకలు పట్టుకుని ఎత్తవద్దు, లాగవద్దు, కట్టవద్దు. చాలామంది పిల్లలకు తానే వస్తుంది. మూడు నెలలకు మోచెయ్యి వంగకపోతే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.

మొదటి ఫోను ఒక పెద్దమనిషిది, సినిమా పాట వేయమని. రెండోది టమాటా ధర కోసం. ధనుంజయ ధర చెప్పాడు. నందీశ్ తల పట్టుకున్నాడు. మూడో ఫోనులో ఒక అమ్మాయి గొంతు, చాలా మెల్లగా వినిపించింది. తొండేభావి నుంచి. సెల్‌ఫోన్‌లో ఈ కార్యక్రమం చూస్తోందట.

"మా బాబుకు గూడా అట్లనే ఉండాది. రెండో నెల."

రూప ముందుకు వంగింది. "రేపు చిక్కబళ్ళాపురం రాగలవా తల్లీ?"

అటువైపు నుంచి ఏదో గుసగుస వినిపించింది. తర్వాత పెద్దామె గొంతు. "మేము కట్టు కట్టిస్తాండాం. వాడు బాగనే ఉండాడు. ఆస్పత్రులకు తిప్పితే బిడ్డ ఇంగా చెడతాడు. పెట్టేస్తా."

రూప ఏదో అనబోయింది. అంతలో తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న లక్ష్మీదేవమ్మ లేచి, నీలం గుడ్డ ముందుకు నడిచి, వినుత కొంగుకు తగిలించిన మైకు మీదికి వంగింది. నందీశ్ వద్దనబోయి ఊరుకున్నాడు.

"పెట్టొద్దమ్మా. నేను వినుత అత్తను మాట్లాడేది. నీ మాదిరే నేను గూడా కట్టు కట్టించినా. మనమరాలి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే కట్టించినా. ఇప్పుడు పాపకు జడ వేసుకునేకి చెయ్యి పైకి పోదు. నేనే వేస్తా, దినామూ. వేసేటప్పుడల్లా నాకు ఆ బద్దలే గుర్తుకొస్తాయి. నీ కోడల్ని పంపియ్యి. నువ్వు గూడా వెంట రా. నేనూ వస్తా, ఇద్దరమూ బయట కూర్చుందాం."

"ఎన్ని గంటలకు రావల్ల?" అంది ఆ పెద్దామె.

వినుత అత్త చేయి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. పాప చేతికి కట్టు కట్టించిన సంగతి వాళ్ళింట్లో అన్నేళ్ళలో ఎవరూ ఎత్తలేదట. వినుత అడగలేదు, లక్ష్మీదేవమ్మ చెప్పలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు బండిలో కూడా మాట్లాడుకోలేదని, కానీ మర్నాటి నుంచి వ్యాయామం చేయించే వేళకు చాప తెచ్చి పరిచేది లక్ష్మీదేవమ్మేనని వినుత తర్వాత చెప్పింది.

తొండేభావి వాళ్ళు నిజంగానే వచ్చారు. ఇద్దరు అత్తలూ బయట బెంచీ మీద కూర్చుని వక్కాకు పంచుకున్నారు. మూడో నెల నిండేనాటికి ఆ బాబు మోచెయ్యి వంగింది, తర్వాత భుజం కదిలింది. వాడికి ఆపరేషన్ అవసరమే రాలేదు. ఏడాది తిరక్కముందే రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్న వీడియో పంపారు. ఆ వీడియోను వినుత నాకు చూపించింది. చూపించి ఫోను కొంగులో చుట్టేసుకుంది.

"సంతోషంగానే ఉండాదన్నా. అబద్ధం చెప్పకూడదు, కడుపులో మంట గూడా ఉండాది. రెండూ ఉండాయి."



ఆ కార్యక్రమం ఇప్పుడు నెలకోసారి వస్తోంది. ఎప్పుడూ ఒకే విషయం కాదు, కాన్పులో తలకు దెబ్బ తగిలిన పిల్లల తల్లులు వచ్చారు, ఏడవడం ఆలస్యమైన పిల్లల తండ్రులు వచ్చారు. ఒకసారి కోలారు నుంచి కాన్పుల డాక్టరమ్మ ఒకరు వచ్చి, మేమూ చెప్పడానికి భయపడతాం, మీరు గొడవ చేయకుండా అడిగితే చెబుతామని అంది. ఫోన్లు కొన్నిసార్లు ఒక్కటీ రావు. కొన్నిసార్లు ఎవరో తిడతారు, డబ్బు కోసం బిడ్డను అడ్డం పెట్టుకున్నారని. వినుత విని, "ఇంగెవురన్నా ఉండారా?" అని నందీశ్‌ను అడుగుతుంది. ప్రేమ ఆ గదికి ఎప్పుడూ రాలేదు. రమ్మని రెండుసార్లు కబురు పెట్టినా జవాబు లేదు. ఆమెకు వేరే తాలూకాలో ఒక ఆస్పత్రిలో పని దొరికింది. అక్కడి నుంచి రూప దగ్గరికి ఇప్పటికి ఇద్దరు పసిపిల్లలు వచ్చారు, ఇద్దరూ పుట్టి వారం దాటనివాళ్ళు. ఎవరు పంపారని అడిగితే నర్సమ్మ పంపింది అన్నారట. పేరు వాళ్ళకు తెలియదు.

మొన్నటి కార్యక్రమంలో గౌరిబిదనూరు వైపు నుంచి ఒక తండ్రి ఫోను చేశాడు. అన్నీ విని చివర అడిగాడు.

"మీ పాప చెయ్యి బాగైందా అమ్మా?"

వినుత కెమెరా వైపే చూస్తూ చెప్పింది. "లేదప్పా. బాగు కాలేదు. మోచెయ్యి వంగుతాది, భుజం రాదు. అందుకే చెప్తాండా."

ఇంట్లో నేత్ర నాయనమ్మతో కలిసి అది చూస్తోంది. ఇప్పుడు నాలుగో తరగతి. ఎడమచేత్తో రాస్తుంది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వినుత ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, నా చెయ్యి బాగు కాదా?"

కూతురికి ఆ మాట వినుత ఎప్పుడూ సూటిగా చెప్పలేదు. రూప చెప్పిన ఇంకొక ఆపరేషన్ ఉంది, దానివల్ల కొంచెం లేస్తుంది, పూర్తిగా లేవదు. ఊరంతటికీ చెప్పిన మాట ఇప్పుడు బిడ్డకు చెప్పాలి. చెంబు పక్కన పెట్టి వాకిలి మెట్టు మీద కూర్చుంది. నేత్రను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంగా కొంచెం వస్తాది. అంతా రాదు."

నేత్ర తల్లి వైపు తిరిగింది. "నాకు తెలుసు," అంది. "రూప మేడంను నేనే అడిగినా. నువ్వు ఏడుస్తావని నీకు చెప్పలేదు."

వినుత ఏడ్చింది, కాకపోతే కొంచెమే. నేత్ర ఆమె పక్కన కూర్చుని, తల్లి తేరుకునే దాకా ఓపిక పట్టి, ఆకలేస్తాండాదని చెప్పింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.